ఖురాసాన్ బాట: బిడారు ప్రయాణపు తీరుతెన్నులు

క్రీ.శ. 762లో (హిజ్రీ 145) అబ్బాసీ ఖలీఫా మన్సూర్ టైగ్రిస్ నది ఒడ్డున గుండ్రని ఆకారంలో ఒక రాజధానికి పునాది వేయించాడు. ఆ నగర ప్రాకారానికి నాలుగే ద్వారాలు. ఒకటి బస్రా ద్వారం, ఒకటి కూఫా ద్వారం, మరొకటి షామ్ ద్వారం. ఈశాన్య దిశగా తెరచుకొనే నాలుగవ దాని పేరు ఖురాసాన్ ద్వారం. ఆ ద్వారం వెలుపల పడవల వంతెన మీదుగా నది దాటిన మనిషి ఎక్కడా ఓడ ఎక్కకుండానే హమదాన్, రయ్, నీషాపూర్, మెర్వ్, బుఖారా, సమర్‌ఖంద్ నగరాల మీదుగా చీనా సరిహద్దు వరకు పోవచ్చును. బుఖారా దగ్గర ఉత్తరానికి తిరిగి ఖ్వారిజ్మ్ మీదుగా వోల్గా తీరానికీ, అక్కడ నుంచి ఐరోపా ఉత్తర భాగానికీ చేరవచ్చును.

ఈ బాటకు ఈనాడు లోకమంతా 'పట్టు బాట' అనే పేరు పెట్టి పిలుస్తున్నది. ఈ పేరు ప్రాచీనమైనది కాదు. దీనిని 1877లో ప్రచారంలోకి తెచ్చినవాడు రిఖ్తోఫెన్ అనే జర్మన్ భూగోళ శాస్త్రజ్ఞుడు. ఆ దారిన నడచిన వర్తకుడు తాను పట్టు బాట మీద పోతున్నానని ఎన్నడూ అనుకొని ఉండడు. మెర్వ్‌కు పోతున్నాననో, సమర్‌ఖంద్‌కు పోతున్నాననో చెప్పి ఉంటాడు. పైగా అది ఒకే బాట కాదు. కొన్ని దారులు కలుస్తూ, విడిపోతూ పోయే అల్లిక అది. ఈ కొస నుంచి ఆ కొసదాకా పోయినవారు చాలా కొద్దిమంది. సరుకు మాత్రం చేతులు మారుతూ, ఒక బజారు నుంచి మరొక బజారుకు సాగుతూ, తన యజమానులు కలలో కూడా చూడని దేశాలకు చేరేది.

పట్టు ఒక్కటే కాదు, కస్తూరి, కర్పూరం, కుంకుమపువ్వు, గాజు సామాను, కాగితం, గుర్రాలు, ఉన్ని బట్టలు, జంతు చర్మాలు ఈ దారిన పోయేవి. మనుషులు కూడా సరుకుగా పోయేవారు. తురుష్క, స్లావ్ జాతుల బానిసలను జైహూన్ నది రేవుల వద్ద సుంకం కట్టి దాటించేవారు. ఇదే బాట మీద పండితులూ, హజ్ యాత్రికులూ నడిచారు కనుక ఈ సంగతిని మరుగున పెట్టడం చరిత్రకు న్యాయం కాదు.

తెలుగువారు దూర ప్రయాణంలో ఆగే చోటును 'మజిలీ' అంటారు. అరబీలోని 'మంజిల్' అనే మాట ఫారసీ, ఉర్దూ భాషల మీదుగా వచ్చి ఇక్కడ మజిలీ అయినది. ఖురాసాన్ బాటను కొలిచినది కూడా ఈ మజిలీలతోనే. ఒక మజిలీకీ మరొక మజిలీకీ నడుమ దూరాన్ని ఫర్సఖులలో లెక్కించేవారు. ఒక ఫర్సఖ్ ఇంచుమించు ఆరు కిలోమీటర్లు, అంటే తెలుగు ఆమడలో దాదాపు సగం. బరువు మోసే ఒంటెల బిడారు రోజుకు ముప్పై, నలభై కిలోమీటర్లకు మించి నడవలేదు. దారి పొడవునా సత్రాలూ, బావులూ, పట్నాలూ అంతంత దూరాన వెలియడానికి కారణం ఒంటె కాళ్లలోని ఈ శక్తి పరిమితియే.

ఈ దూరాలను గ్రంథస్థం చేసినవారిలో మొదట చెప్పవలసినవాడు ఇబ్న్ ఖుర్దాద్‌బిహ్. తొమ్మిదవ శతాబ్దికి చెందిన ఈయన జిబాల్ ప్రాంతంలో బరీద్ శాఖకు, అనగా ప్రభుత్వ తపాలా, వార్తాసేకరణ శాఖకు అధికారి. ఖలీఫా ఉత్తరం ఎన్ని రోజులలో ఎక్కడికి చేరుతుందో తెలియవలసిన ఉద్యోగం అది. ఆయన రచించిన 'కితాబుల్ మసాలిక్ వల్ మమాలిక్' (దారులు, దేశాల గ్రంథం) ఆ ఉద్యోగ ధర్మంలోనుంచి పుట్టినది. కవిత్వం ఆశించి దానిని తెరచినవారికి చాలా పుటలు నిరాశ కలిగిస్తాయి. ఫలానా ఊరి నుంచి ఫలానా ఊరికి ఇన్ని ఫర్సఖులు అని వరుసగా సాగుతుంది. అయితే బిడారు నాయకునికి కావలసినది ఆ లెక్కయే. నీళ్ల తిత్తులు ఎన్ని నింపాలో, ఒంటెలకు మేత ఎంత కట్టాలో ఆ లెక్క మీదనే ఆధారపడి ఉన్నది. యూరపు పడమటి కొస నుంచి చీనా దాకా నేల మీదనూ, సముద్రం మీదనూ తిరిగిన రాదానీ యూదు వర్తకుల గురించిన ప్రసిద్ధమైన సమాచారం కూడా ఈ గ్రంథంలోనే ఉన్నది. వారు అరబీ, ఫారసీ, రూమీ, ఫ్రాంకుల, స్లావుల భాషలన్నీ మాట్లాడేవారట.

బిడారు స్వరూపం గురించి రెండు మాటలు. చలి దేశాలలో రెండు మూపురాల ఒంటె, వేడి ఇసుక నేలలలో ఒంటి మూపురపు ఒంటె పనికివస్తాయి. ఈ రెంటి కలయిక వల్ల పుట్టిన సంకర జాతి ఒంటె తల్లిదండ్రులిద్దరి కన్న బలిష్ఠమైనది. అందుచేత ఖురాసాన్ బాట మీద దానికి గిరాకీ ఎక్కువ. ఒంటెలను ఒకదాని వెనుక ఒకటి తాడుతో కట్టి నడిపేవారు. రాత్రివేళ వరుస తెగిందో లేదో తెలియడానికి గంట కట్టే వాడుక ఉండేది. గంట ఉన్న బిడారు వెంట దేవదూతలు రారని తెలిపే హదీసు ఒకటి ఉన్నది. అయినా ఫారసీ కవిత్వంలో బయలుదేరే బిడారు గంట మ్రోత పదే పదే వినిపిస్తుంది. ఎండాకాలంలో నక్షత్రాలను చూసుకొంటూ రాత్రిపూట నడక, పగలు విశ్రాంతి. శీతాకాలంలో దీనికి తలక్రిందులు.

ఇస్లామీయ ధర్మశాస్త్రంలో ప్రయాణం ఒక ప్రత్యేక స్థితి. అరబ్బులకు ప్రయాణం కొత్త కాదు. ఖురైషీల శీతాకాలపు, వేసవి కాలపు ప్రయాణాలను ఖుర్ఆన్ పేర్కొన్నది. ప్రవక్త పదవికి పూర్వం ముహమ్మద్ (స) ఖదీజా గారి సరుకుతో షామ్ దేశానికి బిడారు వెంట వెళ్లి వచ్చిన సంగతి అందరికీ తెలిసినదే. ప్రయాణికుడు నాలుగు రకాతుల నమాజును రెండు రకాతులుగా చేస్తాడు. రమజాను ఉపవాసాన్ని తరువాతి దినాలకు వాయిదా వేసుకోవచ్చును. నీరు లేనిచోట శుద్ధమైన మట్టితో తయమ్ముమ్ చేసుకొంటాడు. ఎంత దూరం పోతే ప్రయాణం అవుతుంది? హనఫీ పండితులు దీనిని ఒంటె నడకతోనూ, మనిషి కాలినడకతోనూ కొలిచి, మూడు దినాల దూరమని నిర్ణయించారు.

వీటికన్న గమనించదగినది జకాత్ విషయం. తౌబా సూరాలో జకాత్ పొందడానికి అర్హులైన ఎనిమిది వర్గాలను చెప్పినచోట చివరి వర్గం బాటసారి. స్వగ్రామంలో ఎంత ధనవంతుడైనా సరే, దారిలో చేతిలో పైకం లేక చిక్కుపడినవాడు జకాత్ తీసుకొనవచ్చునని పండితులు వివరించారు. దారి మనిషిని ఎలా నిరుపేదను చేయగలదో ఎరిగినవారి తీర్పు అది.

వర్తక ధర్మాన్ని వివరించిన గ్రంథాలలో ఇమామ్ సరఖ్సీ 'మబ్సూత్' సుప్రసిద్ధమైనది. సరఖ్స్ అనేది నీషాపూర్, మెర్వ్ నగరాల నడుమ ఖురాసాన్ బాట మీది మజిలీ. పదకొండవ శతాబ్దికి చెందిన ఆ ఇమామ్ పాలకుల ఆగ్రహానికి గురియై, అదే బాట తూర్పు కొసన ఫర్గానా లోయలోని ఉజ్గంద్ పట్టణంలో బందీగా ఉంటూ ఈ మహాగ్రంథంలో చాలా భాగాన్ని శిష్యులకు చెప్పి వ్రాయించాడు. బాటను పుస్తకాలలో చదివి తెలుసుకోవలసిన అవసరం ఆయనకు లేదు. ముదారబా అనే భాగస్వామ్యంలో ఒకరిది పెట్టుబడి, మరొకరిది శ్రమ. లాభాన్ని ముందుగా ఒప్పుకొన్న వంతున పంచుకొంటారు. నష్టం వస్తే పెట్టుబడిదారుకు ధనం పోతుంది, శ్రమించినవానికి శ్రమ పోతుంది. శ్రామిక భాగస్వామి తన ఊళ్లోనే వ్యాపారం చేస్తున్నంతకాలం తన తిండి ఖర్చు తానే పెట్టుకోవాలి. పెట్టుబడి తీసుకొని ప్రయాణమై బయలుదేరితే మాత్రం తిండి, బట్ట, వాహనం ఖర్చులు ఆ పెట్టుబడి నుంచే జరగాలని హనఫీ న్యాయం. వెళ్లేవాడు వేరొకరి కోసం తన ఇంటి నీడను వదులుకొంటున్నాడు కనుక ఇది సబబైన తీర్పే.

నగదు మోసుకొనిపోవడం దోపిడీకి పిలుపు వంటిది. అందుకే సుఫ్తజా అనే పత్రం వాడుకలోకి వచ్చినది. ఒక ఊరిలో సొమ్ము చెల్లించి చీటీ పుచ్చుకొని, మరొక ఊరిలో ఆ చీటీ చూపి సొమ్ము తీసుకోవడం దీని పద్ధతి. తెలుగు దేశపు హుండీని ఎరిగినవారికి ఇది సులభంగా బోధపడుతుంది. దారి ప్రమాదం నుంచి తప్పుకోవడం కూడా అప్పు మీద పొందే ఒక లాభమే అవుతుందని హనఫీ పండితులు దీనిని మెచ్చుకోలేదు. వర్తకులు మాత్రం మానలేదు.

ఈ బాట మీద నడచినవాని అనుభవం ఎట్లా ఉండేదో తెలియాలంటే ఇబ్న్ ఫద్లాన్ వ్రాసిన నివేదికను చూడాలి. వోల్గా తీరాన ఉన్న బుల్గార్ రాజు ఇస్లాం స్వీకరించి, మతబోధకులను పంపమనీ, మస్జిదు కట్టించమనీ, శత్రువుల నుంచి రక్షణకై కోట కట్టుకోవడానికి ధనసహాయం చేయమనీ ఖలీఫా ముఖ్తదిర్‌ను అర్థించాడు. ఆ రాయబారంతో ఇబ్న్ ఫద్లాన్ హిజ్రీ 309 సఫర్ 11న, అనగా 921 జూన్ 21న, బగ్దాద్ నుంచి బయలుదేరాడు. హమదాన్, రయ్, దామగాన్, నీషాపూర్, సరఖ్స్, మెర్వ్ మజిలీలు దాటి, ఆమూల్ వద్ద జైహూన్ నది దాటి బుఖారా చేరారు. దామగాన్ వద్ద శత్రువర్గం వారు ఎదురుపడగా, బిడారులో సామాన్యుల వలె కలిసిపోయి తప్పించుకోవలసి వచ్చినది.

కోట కోసం ఇవ్వవలసిన నాలుగు వేల దీనార్లు వారి వెంట లేవు. ఖ్వారిజ్మ్‌లోని ఒక జాగీరు ఆదాయం నుంచి ఆ మొత్తాన్ని వసూలు చేసుకొనిపోవాలని ఉత్తర్వు. ఆ జాగీరు వ్యవహర్త యుక్తి పన్ని, వసూలుకు నియమించిన మనిషిని మెర్వ్‌లోనే నిర్బంధింపజేశాడు. సొమ్ము రాలేదు. ఆగితే శీతాకాలం మీద పడుతుందని సహచరులు తొందరపెట్టారు. ఉత్త చేతులతో రాజు ఎదుటికి పోవడం ఎట్లా అని ఇబ్న్ ఫద్లాన్ హెచ్చరించాడు గాని, ఎవరూ వినలేదు.

తొందర ఎంత పడినా చలిని తప్పించుకోలేకపోయారు. జుర్జానియా పట్టణంలో నెలల తరబడి చిక్కుపడ్డారు. జైహూన్ నది పదిహేడు జానల మందాన గడ్డకట్టి, గుర్రాలూ బండ్లూ దాని మీద బాట మీద పోయినట్లు పోయేవని అతడు వ్రాశాడు. హమామ్ నుంచి ఇంటికి వచ్చేసరికి గడ్డం ఒక్క మంచుముద్ద అయిపోయేది, దానిని నిప్పు దగ్గర కరిగించుకోవాలి. ఇంటి లోపల ఇల్లు, అందులో నమదా గుడారం, దానిలో ఉన్నికోట్లు కప్పుకొని పడుకొన్నా, ఒక్కొక్క రాత్రి చెంప దిండుకు అంటుకొనిపోయేదట.

మార్చి 922లో ప్రయాణం మళ్లీ మొదలైనది. ఇక్కడే బగ్దాద్ నుంచి వెంట వచ్చిన ధర్మవేత్త, ఉపాధ్యాయుడు, సేవకులు ఆ దేశంలో అడుగుపెట్టడానికి భయపడి ఆగిపోయారు. బోధించడానికి నియమితులైనవారు వెనుకబడగా, ఉత్తరం చదివి వినిపించవలసిన ఇబ్న్ ఫద్లానే ముందుకు సాగాడు. మూడు నెలలకు సరిపడా రొట్టె, జొన్నలు, ఎండుమాంసం కట్టుకొన్నారు. ఒకదాని మీద ఒకటిగా తొడిగిన బట్టలూ, జోళ్లూ ఎన్ని ఉన్నాయంటే, ఒంటె ఎక్కిన తరువాత మనిషి కదలలేకపోయేవాడు. వాగులూ నదులూ ఎదురైతే ఒంటె చర్మాలతో చేసిన మడత పడవలను విప్పి, అడుగున సామాను నింపి, నలుగురైదుగురు చొప్పున ఎక్కి కర్రలతో తెడ్డు వేసేవారు. నీటి వడికి పడవ గిరగిర తిరిగేది. పశువులను అదిలించి ఈదించేవారు. అందరి కన్న ముందు ఆయుధపాణులు కొందరు దాటి, అవతలి ఒడ్డున కాపలా నిలిచేవారు.

గుజ్ తురుష్కుల భూమిలో అతడు చూచిన ఒక ఆచారం ఈ బాట రహస్యాన్ని కొంత విప్పి చెబుతుంది. ఆ దేశం గుండా పోయే ముస్లిం వర్తకుడు తురుష్కులలో ఒకనితో స్నేహం కలుపుకోవాలి. అతని గుడారంలో దిగాలి. అతనికి ఒక వస్త్రం, అతని భార్యకు మేలిముసుగు, కొంచెం మిరియాలు, జొన్నలు, ఎండుద్రాక్ష, అక్రోట్లు కానుకగా ఇవ్వాలి. మిరియాలన్నవి మలబారు తీరం నుంచి ఎన్ని చేతులు మారి ఆ గడ్డి మైదానాలకు చేరాయో ఊహించవచ్చును. వర్తకుని ఒంటెలు అలసిపోతే ఆ తురుష్క మిత్రుడు తన ఒంటెలనూ, కావలసిన పైకాన్నీ ఇచ్చి పంపుతాడు. తిరిగి వచ్చినప్పుడు వర్తకుడు బాకీ తీర్చుకొంటాడు. వర్తకుడు దారిలో మరణిస్తే? బిడారు తిరిగి వచ్చినప్పుడు ఆ తురుష్కుడు ఎదురువెళ్లి తన అతిథి ఏడని అడుగుతాడు. చనిపోయాడని తెలిస్తే, బిడారులో అందరి కన్న పెద్దవాడుగా కనిపించిన వర్తకుని మూటలు విప్పి, తనకు రావలసినంత, ఒక్క గింజ కూడా ఎక్కువ కాకుండా, తీసుకొంటాడు. వాడు నీవాడే కనుక వాని అప్పు నీదే అన్నది అతని న్యాయం. లిఖిత పత్రం లేదు, ఖాజీ లేడు, సాక్షులు లేరు. ఒకని మాటకు బిడారు అంతా పూచీ.

అటువంటి పూచీ కుదరనిచోట బలగం ఎంత ఉన్నా వ్యర్థమే. మూడు వేల పశువులు, ఐదు వేల మంది మనుషులు ఉన్న ఆ బిడారును ఒకనాడు ఒక్క తురుష్కుడు, చింకి బట్టలవాడు, దారికి అడ్డం నిలబడి ఆపాడు. ఎవరూ కదలవద్దన్నాడు, ఎవరూ కదలలేదు. తీరా అతనికి కావలసినది రొట్టె. కొన్ని రొట్టెలు ఇవ్వగానే, మీ మీద దయ తలచాను, పొండి అన్నాడు. ఇబ్న్ ఫద్లాన్ ఈ సంగతిని దాచుకోకుండా వ్రాయడం అతని నిజాయితీకి గుర్తు.

హిజ్రీ 310 ముహర్రం 12న (922 మే 12) వారు బుల్గార్ రాజు వద్దకు చేరారు. ఖలీఫా లేఖను రాజు నిలబడి విన్నాడు. కొన్ని దినాలు గడచిన తరువాత సొమ్ము ఏదని అడిగాడు. భయపడినదే జరిగినది. రాజు కోపం ఒక విచిత్రమైన మార్గంలో బయటపడినది. అక్కడి ముఅజ్జిన్ ఇఖామత్ పదాలను రెండేసి సార్లు పలికేవాడు. అది జైహూన్ అవతలి హనఫీల వాడుక. ఖలీఫా ఇంట ఒక్కొక్కసారే పలుకుతారని ఇబ్న్ ఫద్లాన్ చెప్పగా, మొదట రాజు అంగీకరించి మార్పించాడు. సొమ్ము లేదని తేలిన తరువాత మళ్లీ రెండేసి సార్లే పలకమని ఆజ్ఞాపించాడు. ఆ దేశపు ఇస్లాం రాయబారం కన్న ముందే ఖ్వారిజ్మ్ వర్తకుల వెంట, బిడారు బాటన వచ్చినదని ఈ చిన్న సంఘటన వల్ల తెలుస్తున్నది.

అక్కడ అతనికి బగ్దాద్ నుంచి వచ్చిన ఒక దర్జీ కూడా కనిపించాడు. ఎట్లాగో ఆ దేశం చేరి రాజు కొలువులో కుదిరినవాడు. ఇద్దరూ గుడారంలో కూర్చొని ఇషా అజాన్ కోసం ఎదురుచూస్తూ కొంచెంసేపు మాట్లాడుకొన్నారు. అజాన్ వినబడి బయటికి వచ్చేసరికి తెల్లవారుతున్నది. ఏ నమాజుకు అజాన్ ఇచ్చావని అడిగితే, ఫజ్రుకు అన్నాడు ముఅజ్జిన్. ఆ ఉత్తర దేశంలో వేసవి రాత్రి అంత చిన్నది. ఫజ్రు తప్పిపోతుందేమోనన్న భయంతో నెల రోజులుగా నిద్రపోలేదని కూడా అతడు చెప్పాడు.

వోల్గా తీరానే ఇబ్న్ ఫద్లాన్ రూస్ జాతి వర్తకులను చూచాడు. వారు చర్మాలనూ, బానిసలనూ అమ్మి వెండి దిర్హములు తీసుకొనేవారు. భర్త వద్ద పదివేల దిర్హములు కూడితే భార్య మెడలో ఒక కడియం, ఇరవై వేలు కూడితే రెండు. ఇది అతిశయోక్తి అనుకొన్నవారికి నేల తల్లి సమాధానం చెప్పినది. స్వీడన్‌కు చెందిన గోట్లాండ్ దీవిలో 1999లో స్పిల్లింగ్స్ అనే వ్యవసాయ క్షేత్రంలో 67 కిలోల వెండి నిక్షేపం బయటపడినది. అందులోని 14 వేలకు పైగా నాణేలలో అత్యధికం ఇస్లామీయ దేశాలలో ముద్రించిన దిర్హములే.

ఎడారి బాటలలో ప్రాణాధారమైనవి రిబాతులు, సరాయిలు. రిబాత్ అన్నది మొదట సరిహద్దు కాపలా కోట. సరిహద్దు ముందుకు జరిగిన కొలదీ అది బాటసారుల సత్రంగా మారినది. పదవ శతాబ్దపు భూగోళవేత్త ఇస్తఖ్రీ జైహూన్ అవతలి దేశంలో పదివేలకు పైగా రిబాతులు ఉన్నాయని చెప్పాడు. సంఖ్యలో అతిశయం ఉంటే ఉండవచ్చును, కాని సుగ్ద్ ప్రాంతంలో అతడు కళ్లారా చూచిన ఒక ఇంటి సంగతి నమ్మదగినది. ఆ ఇంటి తలుపును మేకులతో గోడకు బిగించి ఉంచారు. వచ్చే అతిథికి అడ్డం కారాదని నూరేళ్లకు పైగా దానిని మూయలేదట.

ఖరాఖానీ పాలకుడు షమ్సుల్ముల్క్ నస్ర్ 1078 ప్రాంతంలో బుఖారా, సమర్‌ఖంద్‌ల నడుమ రిబాతె మలిక్ కట్టించాడు. 1114 ప్రాంతంలో నీషాపూర్, మెర్వ్ దారిలో రిబాతె షరఫ్ వెలసినది. పడమట అనతోలియాలో సల్జూఖీలు పెద్ద పెద్ద రాతి సరాయిలు కట్టారు. కైసరీకి తూర్పున అమీర్ జలాలుద్దీన్ కరతాయ్ కట్టించిన సరాయి 1240 ప్రాంతంలో పూర్తి అయినది. దాని వక్ఫ్ పత్రం చదువదగినది. దిగిన ప్రతి బాటసారికీ, ముస్లిం అయినా కాకపోయినా, స్వతంత్రుడైనా బానిసైనా, పురుషుడైనా స్త్రీయైనా, సమానంగా రొట్టె, వండిన మాంసం పెట్టాలి. శుక్రవారం తేనెతో చేసిన మిఠాయి పంచాలి. జోళ్లు లేని పేదలకు జోళ్లు ఇవ్వాలి. రోగికి చికిత్స చేయించాలి. గుర్రానికి నాడాలు కొట్టించాలి. ఇంత వివరంగా వ్రాయడంలోనే దాత బుద్ధి సూక్ష్మత కనబడుతుంది. బాటసారికి మొదట అరిగేది జోడే కదా. బిడారులు దిగే ఇటువంటి తావుల జ్ఞాపకం దక్కనులోనూ ఉన్నది. గోల్కొండ కోట దాపున హైదరాబాదులోని కార్వాన్ పేట పేరు వజ్రాల వర్తకుల బిడారుల వల్ల వచ్చినదే.

అనతోలియా పట్టణాలలో సరాయిలు కాక 'అఖీ' సంఘాలు కూడా ఉండేవి. వివిధ వృత్తుల యువకులు పగలు సంపాదించినది సాయంకాలానికి తెచ్చి ఒకచోట వేసి, బాటసారులకు భోజనం పెట్టేవారు. 1330 తరువాతి తొలి సంవత్సరాలలో ఇబ్న్ బతూతా లాదిఖ్ పట్టణం ప్రవేశించగానే కొందరు దుకాణాల నుంచి దిగివచ్చి గుర్రాల కళ్లెం పట్టుకొన్నారు. మరికొందరు వచ్చి వారితో తగవు పడ్డారు. కత్తులు కూడా దూశారు. భాష తెలియని ఇబ్న్ బతూతా వీరు దొంగలని నిశ్చయించుకొన్నాడు. అరబీ తెలిసిన ఒక హాజీ వచ్చి సంగతి చెప్పాడు. ఇవి రెండు అఖీ సంఘాలు, అతిథి తమకే దక్కాలని కలహిస్తున్నాయి! చివరికి చీట్లు వేసుకొని ఎవరి ఇంట ముందు దిగాలో తేల్చుకొన్నారు.

అదే ఇబ్న్ బతూతా వోల్గా వైపు నుంచి ఖ్వారిజ్మ్‌కు ఎడారి దాటిన తీరు వేరు. మేత దొరకదని గుర్రాలను చవకగా అమ్మివేసి, బండ్లకు ఒంటెలను పూన్చాడు. ముప్పై దినాలు ఆగకుండా ప్రయాణం. ప్రొద్దున కొంతసేపు, సాయంకాలం కొంతసేపు జావ కాచుకోవడానికి మాత్రమే విరామం. తిండీ నిద్రా కదిలే బండిలోనే. ఇట్లా తోలడం వల్ల ఒంటెలలో చాలా భాగం చనిపోతాయనీ, బ్రతికినవి ఒక ఏడాది మేసి బలిస్తే గాని మళ్లీ పనికిరావనీ అతడు వ్రాశాడు. బాట గురించిన వర్ణనలలో ఒంటెల గురించి ఇంత మాట వ్రాసినవారు అరుదు.

అతడు చూచిన బుఖారా శిథిల నగరం. కొన్ని తప్ప మస్జిదులూ, మద్రసాలూ, బజారులూ పాడుబడి ఉన్నాయి. చంగీజ్ ఖాన్ సేనలు ఆ నగరంపై పడి అప్పటికి నూరేళ్లు దాటినది. ఆ విపత్తుకు తక్షణ కారణం కూడా ఒక బిడారే. 1218లో చంగీజ్ ఖాన్ పంపిన వర్తక బిడారు సీర్ దర్యా తీరంలోని ఉత్రార్ చేరినది. అందులోని వర్తకులు సుమారు 450 మంది, ముస్లింలు. వారు గూఢచారులని ఆ ఊరి పాలకుడు నిర్బంధించి, చంపించి, సరుకు కొల్లగొట్టాడు. ఒక్కడు మాత్రం తప్పించుకొనిపోయి వార్త చేరవేశాడని చరిత్రకారుడు జువైనీ వ్రాశాడు. న్యాయం కోరుతూ వచ్చిన దూతను కూడా ఖ్వారిజ్మ్ షా చంపించాడు. తరువాతి మూడేళ్లలో ఉత్రార్, బుఖారా, సమర్‌ఖంద్, మెర్వ్, నీషాపూర్ ఒకదాని వెంట ఒకటి నేలమట్టమైనాయి. చంగీజ్ ఖాన్ లోకాన్ని జయించాలనే తలంపుతోనే ఉన్నాడనీ, ఉత్రార్ ఒక నెపం మాత్రమే అనీ వాదించే చరిత్రకారులు ఉన్నారు. అది నిజమే కావచ్చును. అయినా సాటి ముస్లిం వర్తకులను, పూచీ మీద వచ్చినవారిని, చంపి ఆ నెపాన్ని చేతికి అందించినవాడు ఖ్వారిజ్మ్ షా అధికారియే.

శిథిలాల మీదుగానే బాట తిరిగి సాగినది. మంగోలుల ఏలుబడి స్థిరపడిన తరువాత, 1340 ప్రాంతంలో, ఫ్లారెన్సు వర్తక సంస్థ ఉద్యోగి పెగొలొట్టి తన వర్తక గ్రంథంలో అజోవ్ సముద్ర తీరం నుంచి చీనాకు పోయే దారి వివరాలు ఇచ్చాడు. గడ్డం పెంచుకోవాలనీ, మంచి దుభాషీని కుదుర్చుకోవాలనీ, జీతానికి వెనుకాడి చవక దుభాషీని పెట్టుకోవద్దనీ అతని సలహాలు. దారి రాత్రింబవళ్లు క్షేమమని వర్తకులు చెప్పుకొన్నారట. అతడు స్వయంగా ఆ దారిన పోయినవాడు కాడు.

సముద్ర మార్గాలు బలపడిన కొలదీ దూరపు వర్తకం సన్నగిల్లినది. 1888లో రష్యా వేసిన రైలు మార్గం సమర్‌ఖంద్ చేరడంతో ఒంటెల పని ఇంకా తగ్గినది. 2023లో యునెస్కో ఇరానులోని 54 సరాయిలను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినది. అదే సంవత్సరం జరఫ్‌షాన్, కరకుమ్ ప్రాంతాల పట్టు బాట తావులను కూడా చేర్చగా, వానిలో రిబాతె మలిక్ ఒకటి. దానిలో నేడు నిలిచినది పెద్ద ఇటుకల ముఖద్వారం మాత్రమే. బుఖారా, సమర్‌ఖంద్ రహదారి దాని ముందు నుంచే పోతుంది. రహదారికి అవతలి ప్రక్కన గుమ్మటం కట్టిన నీటి కోనేరు ఉన్నది. బిడారుల నీటి తిత్తులు నిండినది అందులోని నీటితోనే.